సగటు చెప్పే లెక్క, చెప్పని లెక్క

ప్రత్యేక సంచికకు ఏదైనా చరిత్ర విషయం రాయమని మన సంఘం కార్యదర్శి గారు అడిగారు. స్వాతంత్ర్యోద్యమం మీద, మన ఊరి ఆలయాల మీద మిత్రులు ఇదివరకే రాశారు. నేను క్రికెట్ సగటుల చరిత్ర ఎంచుకున్నాను. జీవితమంతా లెక్కల కాగితాల మధ్య గడిపినవాణ్ణి, ఇంకేం రాస్తాను!

బ్యాటింగ్ సగటు అంటే చేసిన పరుగుల్ని ఔటైన సార్లతో భాగించడం. నాటౌట్‌గా మిగిలిన ఇన్నింగ్స్ పరుగులు పైన కలుస్తాయి గాని కింద లెక్కకు రావు. ముగియని ఫైలును పరిష్కారమైన వాటిలో చూపం కదా, అలాగన్నమాట.

ఈ లెక్కతో కొలిస్తే కొఠారి కనకయ్య నాయుడు గారు చాలా మామూలు ఆటగాడు. 7 టెస్టుల్లో 350 పరుగులు, సగటు సరిగ్గా 25. ఇంత తక్కువ సగటు ఉన్నాయన్ని అంతగా పొగుడుతారెందుకని మా ఇంట్లో కుర్రాళ్లే అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. జవాబు తేదీల్లో ఉంది. నాగపూర్‌లో తెలుగు కుటుంబంలో ఆయన 1895లో పుట్టారు. మన దేశం తొలి టెస్టు ఆడింది 1932 జూన్‌లో, లార్డ్స్‌లో. ఆ జట్టుకు నాయకుడైన నాటికి ఆయనకు 36 నిండాయి. మంచి వయసంతా దేశానికి టెస్టులే లేని కాలంలో వెళ్లిపోయింది. ఆ ఏడు ఇంగ్లండ్ పర్యటనలో ఫస్ట్‌క్లాస్ మ్యాచ్‌ల్లో ఆయన చేసినవి 1,618 పరుగులు, సగటు 40.45. మరుసటి ఏడు విజ్డెన్ వారు ఎంపిక చేసిన అయిదుగురు ఆటగాళ్లలో ఆయన ఒకరు.

1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. ఆ సీజన్‌లోనే ఆంధ్ర జట్టు మొదటిసారి రంజీ ట్రోఫీ బరిలో దిగింది. నాయకుడు ఎవరనుకున్నారు? 58 ఏళ్ల నాయుడు గారే. 2014కు ముందు మనం పదవీ విరమణ చేసిన వయసది! 61వ ఏట కూడా ఉత్తరప్రదేశ్ తరఫున రంజీ ఆడారు. సగటు కాపాడుకోవాలనుకున్నవాడు చేసే పని కాదది.

అమెరికా బేస్‌బాల్ వాళ్లకు సగటే ప్రాణం. 2024లో అక్కడి అధికారులు పాత నల్లజాతి లీగుల లెక్కల్ని ప్రధాన రికార్డులో కలిపారు. దాంతో జాష్ గిబ్సన్ 1943లో సాధించిన .466 ఒక సీజన్‌కు అత్యుత్తమ సగటైంది. ఆయన 1947లోనే పోయారు. సర్వీసు రిజిస్టరు సవరణ ఇంత ఆలస్యంగా జరగడం మనమూ ఎరుగుదుం.

తెలుగువారి సీజన్ అంటే 1999–2000. హైదరాబాద్ తరఫున వి.వి.యస్. లక్ష్మణ్ 9 రంజీ మ్యాచ్‌ల్లో 1,415 పరుగులు చేశాడు. 8 సెంచరీలు, సగటు 108.84. ఒక రంజీ సీజన్‌లో అన్ని పరుగులు చేసినవాడు మరొకడు లేడు. అయినా ఫైనల్లో ముంబయిదే గెలుపు.

ఆంధ్ర జట్టు సంగతి వేరు. 1994 జనవరిలో సికింద్రాబాద్‌లో హైదరాబాద్ మన మీద 6 వికెట్లకు 944 పరుగులు బాదింది. యం.వి. శ్రీధర్ ఒక్కడే 366. రంజీలో అత్యధిక స్కోరు అదే కాబట్టి, రికార్డుల పుస్తకంలో మన పేరు ఓడ్చుకున్న వైపున పడింది.

అందుకే 2023–24 పట్టిక చూసి నేను సంబరపడ్డాను. రంజీ సీజన్ మొత్తంలో అత్యధిక పరుగులు ఆంధ్ర ఆటగాడు రికీ భుయ్‌వి. 8 మ్యాచ్‌ల్లో 902, సగటు 75.16. భోపాల్‌లో పుట్టినా ఆట నేర్చింది మన విశాఖలోనే. అనకాపల్లి మార్కెట్‌లో బెల్లం సగటు ధర ఎంత పలికినా, రైతు ఇంటికి పట్టుకెళ్లేది తన దిమ్మలకొచ్చిన డబ్బే. జట్టు సంగతీ అంతే. ఆ ఫిబ్రవరిలో క్వార్టర్ ఫైనల్ మధ్యప్రదేశ్‌తో ఇండోర్‌లో జరిగింది. నాయుడు గారు హోల్కర్ జట్టును నడిపించిన ఊరు, 1967లో కన్నుమూసిన ఊరు కూడా అదే. మనకు కావలసినవి 170. మనవాళ్లు 165కి ఆలౌటయ్యారు. 4 పరుగుల తేడా.