నావ నేలెక్కితే బరువు ఎవరిది?

దసరా రోజుల్లో బస్తర్ ముఖ్యపట్టణం జగదల్‌పూర్ వీధుల్లో రెండంతస్తుల కొయ్య రథం కదులుతుంది. దీన్ని స్ప్రింగులూ, రబ్బరు టైర్లూ లేకుండా సాల (గుగ్గిలం) వంటి అడవి కలపతో చేస్తారు. కలప తెచ్చి, చెక్కి, కూర్చేది చుట్టుపక్కల గ్రామాల వడ్రంగులు, కమ్మరులు. లాగేందుకు అడవి తీగెల నారతో మోకులు పేనుతారు. ఒకప్పుడు రథం మీద రాజు కూర్చునేవాడు. నేడు దంతేశ్వరీ అమ్మవారి ఛత్రం మాత్రమే ఊరేగుతుంది.

ఈ రథానికి తెలుగువారితో చుట్టరికం ఉంది. 1323లో ఓరుగల్లు పతనమయ్యాక ప్రతాపరుద్రుని సోదరుడు అన్నమదేవుడు ఇంద్రావతీ తీరానికి వచ్చి బస్తర్ రాజ్యం స్థాపించాడని అక్కడి సంప్రదాయం. ఆ వంశంలో 15వ శతాబ్దపు రాజు పురుషోత్తమదేవుడు పూరీ యాత్ర చేసి, జగన్నాథుని సన్నిధిలో ‘రథపతి’ బిరుదూ, పదహారు చక్రాల రథాన్ని నడిపే హక్కూ పొందాడట. ఆ పదహారింటిలో నాలుగు చక్రాలు జగన్నాథునికే అర్పించి, పన్నెండు చక్రాలతో దసరా జరిపారట. పన్నెండు చక్రాల రథాన్ని నడపడం కష్టమై, కాలక్రమంలో దాన్ని రెండు చేశారు. నాలుగు చక్రాలది ఫూల్ రథం, ఎనిమిది చక్రాలది విజయ రథం. నేటికీ ఆ రెండే తిరుగుతున్నాయి.

ఐతిహ్యంలో ఎంత చరిత్ర ఉందో చరిత్రకారులు తేల్చాలి. కాని ‘పన్నెండు చక్రాలతో నడపడం కష్టం’ అన్న మాట దగ్గర యంత్రశాస్త్రం చదివినవాడు ఆగిపోతాడు. చక్రాలు ఎక్కువైతే బరువు పంచుకుని పని సులువు కావాలి గదా, కష్టం ఎందుకయింది?

మూడు కాళ్ల పీట

మీ ఇంట్లో మూడు కాళ్ల పీట ఉంటే ఎగుడుదిగుడు నేలమీద పెట్టి చూడండి. అది ఊగదు. నాలుగు కాళ్ల కుర్చీ మాత్రం ఏదో ఒక కాలు గాలిలో ఉంచి టకటకలాడుతుంది. మూడు బిందువుల గుండా ఎప్పుడూ ఒక తలం పోతుంది. నాలుగో బిందువు ఆ తలంలోనే ఉండాలన్న నియమం ఏదీ లేదు. పదహారు టన్నుల రథానికి పదహారు చక్రాలు ఉన్నాయనుకుందాం. కాగితం మీద చక్రానికి ఒక టన్ను పడుతుంది. వీధిలో ఒక చక్రం కింద రెండు వేళ్ల లోతు గుంట వస్తే అది గాలిలో తేలుతుంది, దాని టన్ను పక్క చక్రాల మీద పడుతుంది. మరొక చక్రం రాయి ఎక్కితే అది రెండు మూడు టన్నులు మోస్తుంది. గట్టి కొయ్యచట్రం వంగి సర్దుకోలేదు కనుక ఇరుసు విరగవచ్చు, చక్రం చీలవచ్చు. అంటే ఆధారాలను లెక్కపెట్టినంత మాత్రాన ఏదీ తెలియదు, ఏ ఆధారం ఎంత మోస్తోందన్నది చూడాలి.

ఈ ప్రశ్న అత్యంత సున్నితంగా ఎదురయ్యేది నావను బండి మీద పెట్టినప్పుడు. రథం నేలకోసమే పుట్టింది, నావ అలా కాదు. నీటిలో ఉన్నంతసేపూ దాని అడుగుభాగంలో ప్రతి చదరపు సెంటీమీటరునూ నీరు మోస్తుంది. రెండు వేల కిలోల తెరచాప పడవను తీసుకోండి. నీటిలో మునిగిన దాని అడుగు వైశాల్యం పది చదరపు మీటర్లయితే, సగటున చదరపు సెంటీమీటరుకు ఇరవై గ్రాములు. ఇది చాలా మెత్తని ఒత్తిడి. అదే పడవను ట్రైలర్ మీద ముప్పై సెంటీమీటర్ల పొడవు, ఇరవై సెంటీమీటర్ల వెడల్పు ఉన్న నాలుగు దిండ్ల మీద కూర్చోబెడితే? మొత్తం ఆనుకునే చోటు 2,400 చదరపు సెంటీమీటర్లు. ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు ఎనిమిది వందల గ్రాములు దాటుతుంది, అంటే నలభై రెట్లు! పలుచని ఫైబర్‌గ్లాసు పొట్ట లోపలికి సొట్టపోతుంది. ఒకటి రెండు రోజుల్లో కంటికేమీ కనిపించదు. నెలల తరబడి అలాగే నిలిపితే పొరలు విడిపోతాయి. గతుకుల రోడ్డు మీద అయితే అంతకాలం కూడా పట్టదు.

మరి ఎవరు మోయాలి? పడవ అడుగున ముందునుంచి వెనక్కు సాగే వెన్ను, కీల్. పెద్ద తెరచాప పడవల్లో గాలికి పడవ ఒరగకుండా కీల్‌లో సీసమో ఇనుమో నింపుతారు. పడవ బరువులో మూడోవంతు దాకా అక్కడే ఉండవచ్చు. దాన్ని పట్టుకునే చోట పడవ కట్టుబడి సహజంగానే దృఢంగా ఉంటుంది. కనుక బరువంతా కీల్ ద్వారా కింది దూలం మీదికి దిగాలి. పక్క దిండ్ల పని నిలబెట్టడమే, మోయడం కాదు. నిచ్చెన ఎక్కినవాడికి కిందివాడు పట్టే ఊతం లాంటిదన్నమాట.

సర్దేటప్పుడు పాటించే వరుస దీన్నుంచే వస్తుంది. మొదట దిండ్లన్నీ దించేస్తారు. కీల్‌ను దూలం మీద పూర్తిగా ఆననిచ్చి, పడవ నిటారుగా ఉందని చూసుకుంటారు. తరువాత దిండ్లను రెండు పక్కలా ఒకటి ఒకటిగా పైకి తిప్పి, పొట్టకు ఆనగానే ఆపుతారు. లోపల అడ్డగోడ ఉన్నచోటనే దిండు ఆనించాలి. రెండు అడ్డగోడల నడుమ ఖాళీ పొట్ట మీద ఆనిస్తే సొట్ట తప్పదు. అన్నిటికీ చివరనే తాళ్లు బిగించాలి.

ఇక ముందువెనకల సంగతి. పడవ, ట్రైలర్ కలిసిన గరిమనాభి ఇరుసుకు కొంచెం ముందుండాలి. లాగే వాహనం కొక్కెం మీద మొత్తం బరువులో అయిదు నుంచి పది శాతం పడడం వాడుక. కొక్కేనికి అయిదు మీటర్ల వెనక ఇరుసు ఉంటే, గరిమనాభి ఇరుసుకు ఇరవై అయిదు నుంచి యాభై సెంటీమీటర్లు ముందున్నట్లు లెక్క. దూలానికి భ్రామకాలు రాసి మీరే సరిచూసుకోవచ్చు. అంతకన్నా వెనక్కు పోతే, వేగం పెరిగినకొద్దీ ట్రైలర్ తోక ఆడిస్తుంది, చివరకు లాగే వాహనాన్నే తిప్పివేయగలదు. జానెడు తేడాలో ప్రాణాలు ఉన్నాయి.

నేల ఎక్కించని ఉపాయం

బస్తర్‌లోని పాతకాలపు పడవలకు ఈ బెడదే లేదు. ఒకే మానును తొలిచి చేసిన దోనెకు అడుగు మందం, చట్రాలూ అతుకులూ ఉండవు. ఇసుక మీదికి ఈడ్చి ఎటు పడేసినా దానికి నష్టం లేదు. చిక్కు పెద్ద సరుకు పడవలతోనే వచ్చింది.

1850ల నుంచి గోదావరి పొడవునా పడవలు నడిపి, మధ్యపరగణాల పత్తిని కాకినాడ తీరానికి దించాలని ఆర్థర్ కాటన్ వాదించాడు. ఎగువ గోదావరి పనులను కెప్టెన్ హేగ్ నడిపించాడు. దారిలో మూడుచోట్ల నదిలో రాతి అడ్డంకులున్నాయి. మొదటిది భద్రాచలానికి ఎగువన దుమ్ముగూడెం వద్ద. రెండోది బస్తర్ పొలిమేరల్లో, ఇంద్రావతి గోదావరిలో కలిసేచోటికి కొద్ది దిగువన ఇచ్చంపల్లి వద్ద. మూడోది ఇంకా పైన. నిండు సరుకు పడవను రాళ్ల మీదుగా బండిపై దాటించడం అంటే, ఇంతసేపూ మనం చెప్పుకున్న కష్టాలన్నీ నెత్తిన వేసుకోవడమే. అందుకే ఆనకట్ట, పక్కకాలువ, లాకు. లాకులో పడవ మెట్టు ఎక్కుతుంది, కాని క్షణమైనా నీటిని విడవదు. దాన్ని మోసే బాధ్యత ఎప్పటికీ నీటిదే. నా దృష్టిలో ఇంజనీరింగులో దీన్ని మించిన తెలివి తక్కువ.

అయితే పత్తి పడవకోసం ఆగలేదు. 1867లో బొంబాయి నుంచి రైలు నాగపూర్ చేరింది. దుమ్ముగూడెం పనులు మిగిలాయి, పై అడ్డంకుల పథకం 1871లో ఆగిపోయింది. ఇచ్చంపల్లి దగ్గర గోదావరి నేటికీ రాళ్ల మీదుగానే పారుతోంది.

నూటతొంభైరెండు చక్రాలు

పదహారు చక్రాల చిక్కును ఇరవయ్యో శతాబ్దం నూనెతో విప్పింది. 1988లో భువనగిరి దగ్గరి రాయగిరి నుంచి మూడు వందల టన్నులకు పైబడిన ఏకశిలా బుద్ధ విగ్రహం హైదరాబాదుకు 192 చక్రాల ట్రైలర్ మీద వచ్చింది. ఇటువంటి భారీ ట్రైలర్లలో ప్రతి ఇరుసు మీదా నూనె నిండిన సిలిండరు ఉంటుంది. సిలిండర్లను గొట్టాలతో కలుపుతారు. ఒక చక్రం రాయి ఎక్కితే దాని నూనె మిగతావాటిలోకి పోతుంది, పాస్కల్ సూత్రం ప్రకారం ఆ గుంపు అంతటా ఒకే పీడనం నిలుస్తుంది. గొట్టాలను సాధారణంగా మూడు గుంపులుగా కలుపుతారు. అంటే వందలాది చక్రాలున్నా బరువు నిలిచేది మూడు కాళ్ల పీట మీదే!

రోడ్డు మీద ప్రయాణం బాగానే సాగింది. 1990 మార్చి 10న విగ్రహాన్ని బార్జి మీద హుస్సేన్‌సాగర్‌లోకి తీసుకుపోతుండగా, ఒడ్డునుంచి కొద్ది దూరంలోనే అది ఒరిగి నీటిలో పడింది. పలువురు ప్రాణాలు కోల్పోయారు. నేల మోసేటప్పుడు ఏ బిందువు ఎంత మోస్తోందన్నది ప్రశ్న. నీరు మోసేటప్పుడు ప్రశ్న మారుతుంది. బరువు ఎంత ఎత్తున ఉంది, బార్జి ఒరిగితే నీటి ఒత్తిడి దాన్ని తిరిగి నిలబెడుతుందా, ఇంకా ఒరగజేస్తుందా అన్నది తేలాలి. విగ్రహాన్ని రెండేళ్లకు పైగా గడిచాక పైకి తీసి, 1992 డిసెంబరు 1న నిలబెట్టారు.

విశాఖ రామకృష్ణా బీచిలో దీనికి తారుమారు దృశ్యం చూడవచ్చు. 1969లో నౌకాదళంలో చేరి 2001లో విరమించిన కుర్సురా జలాంతర్గామిని సముద్రంలో నుంచి ఒడ్డుకు లాగి, కాంక్రీటు ఆధారాలపై నిలిపి 2002లో మ్యూజియం చేశారు. తొంభై ఒక్క మీటర్ల పొడవున్న ఆ నౌకను చూడటానికి వెళితే, లోపలి టార్పెడోలతోపాటు బయట అడుగున ఏయే చోట్ల ఆనించారో కూడా వంగి చూడండి.

అదే హుస్సేన్‌సాగర్‌లో తెరచాప పందేలకు వచ్చే లేజర్ పడవ మరో చివర ఉంది. పొడవు నాలుగు మీటర్ల పైచిలుకు, డొల్ల బరువు 59 కిలోలు. దీనికి సీసం నింపిన కీల్ లేదు, నడిమి పలకను పైకి లాగేయవచ్చు. అడుగు పలుచన. బరువు కీల్ మీదికి దించడం ఇక్కడ కుదరదు కనుక, ఒడ్డుకు తెచ్చే చేతిబండిలో పడవను పక్క అంచుల దగ్గర, మడత పడి గట్టిగా ఉన్నచోట, పట్టీ మీద వేలాడదీస్తారు. అడుగు దేనికీ తగలదు.