గొప్ప రికార్డు ఏది? ఓటు ఎవరిది?

ఒక దశాబ్దపు సంగీతంలో ఏది అత్యుత్తమమో తేల్చేది చెవి ఒక్కటే కాదు. ఓటు ఎవరి చేతిలో ఉందన్నది కూడా. అమెరికాలో సోల్, రాక్ ఆల్బముల మీద సాగిన వాదమే ఇందుకు తార్కాణం. 'రోలింగ్ స్టోన్' పత్రిక 2003లో 500 ఆల్బముల జాబితా వేసి, బీటిల్స్ 1967 నాటి 'సార్జెంట్ పెప్పర్స్'కు ప్రథమ స్థానమిచ్చింది. నల్లజాతి గాయకుడు మార్విన్ గే 1971లో వెలువరించిన 'వాట్స్ గోయింగ్ ఆన్'కు ఆరవ స్థానం దక్కింది. 2020లో అదే పత్రిక మళ్లీ ఓట్లు సేకరించగా గే ఆల్బము మొదటిదయింది. ఈలోగా ఆ రికార్డులో ఒక్క స్వరమూ మారలేదు. మారినవారు ఓటర్లు.

ఆ రికార్డు చరిత్రా గమనించదగినదే. దాన్ని తెచ్చిన మోటౌన్ సంస్థ 1959లో కార్ల కర్మాగారాల నగరమైన డెట్రాయిట్‌లో పుట్టింది. స్థాపకుడు బెర్రీ గోర్డీ స్వయంగా కార్ల కర్మాగారంలో పనిచేసినవాడే. అయినా యుద్ధాన్నీ పేదరికాన్నీ ప్రశ్నించే పాట అమ్ముడుపోదని మొదట వెనుకాడాడు. శ్రమలోంచి వచ్చినవాడు కూడా సరుకు యజమాని కాగానే సరుకు భాషే మాట్లాడతాడు!

ఇక మన పల్నాటికి వద్దాం. 1940-50 మధ్య తెలుగు సంగీతంలో గొప్పదేదని నరసరావుపేటలోనో మాచర్లలోనో ఓటు పెడితే, 1947 నాటి 'పల్నాటి యుద్ధం' చిత్రం పాటలు ముందు నిలుస్తాయి. ఆ కథనే బుర్రకథగా ఊరూరా వినిపించిన ప్రజానాట్యమండలి కళాకారుడు షేక్ నాజర్‌ది ఆ తరువాతి స్థానమే. కారెంపూడి వీరుల ఉత్సవాల్లో తరతరాలుగా ఆ కథ పాడుతూ వచ్చిన దళిత గాయకులు, వీరవిద్యావంతులు, జాబితాలోనే ఉండరు. ఎందుకంటే ఆనాటి గ్రామఫోను రికార్డు ఒక పక్కకు పట్టేది సుమారు మూడు నిమిషాల పాట. రాత్రుల తరబడి సాగే గానం అందులో ఇమడదు. ఇమడనిది అంగడికి రాదు. అంగడికి రానిది లెక్కకు రాదు. అలిశెట్టి గాలెయ్య పాడిన పల్నాటి వీరుల కథ అమెరికన్ పరిశోధకుడు జీన్ రోఘైర్ వల్ల ఇంగ్లీషు గ్రంథంగా 1982లో వెలువడింది. అదీ విశ్వవిద్యాలయాల కోసమే కాని వీధి కోసం కాదు.

అయితే శ్రామికుడు పాడినదంతా ఉత్తమమేనని నేననను. అది విమర్శ కాదు, దయాదాక్షిణ్యం. నాజర్‌ను నిలబెట్టింది ఆశయం ఒక్కటే కాదు. కథనం, గాత్రం, లయ మీద ఆయన సాధించిన అధికారం. వీరవిద్యావంతుల గానాన్నీ ఆ గీటురాయి మీదే గీయాలి. కాని గీయాలంటే ముందు వినాలి కదా!

జాబితాలు వ్యర్థమని కొట్టివేయడం సులభం. నేను కోరేది వేరు. విద్యార్థులు ఈ వాదాలు చేయాలి. చేసేముందు ఓటర్ల పట్టికను పరిశీలించాలి. ఎవరి గొంతు రికార్డుకెక్కలేదో తెలుసుకోనిదే ఎవరిది గొప్ప గొంతో తేల్చే హక్కు మనకు లేదు.