గోదావరిఖని కిరాయి గదులూ, కాగితం లేని అప్పులూ

కిరాయికిచ్చే రెండు మూడు పోర్షన్ల ఇల్లు కొనాలంటే మా ఐటీ వాళ్ళం ముందు ఈఎంఐ లెక్కేస్తాం. గోదావరిఖనిలో ఈ లెక్క చాలాకాలం కుదరలేదు. అడ్డం జీతం కాదు, నేల.

రామగుండం వైపు సింగరేణి గనులు మొదలైంది 1960 ప్రాంతంలో. కంపెనీ అప్పటికే పాతది, 1920లో ఆ పేరుతో ఏర్పడి 1945లో నిజాం సర్కారు చేతికొచ్చింది. చుట్టుపక్కల పల్లెల జనం పనికొచ్చారు. క్వార్టర్లు అందరికీ చాలలేదు. దొరకనివాళ్ళు కంపెనీ జాగాల్లోనే, సర్కారు జాగాల్లోనే గుడిసెలేశారు. గుడిసె పెంకుటిల్లయింది, పక్కన రెండు గదులు లేచాయి, అవి కిరాయికెళ్ళాయి.

ఇలాంటి ఇల్లు కొనేవాడికి బ్యాంకు అప్పెలా ఇస్తుంది? హక్కు పత్రాలు దగ్గర పెట్టుకుని అప్పివ్వడం 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం నుంచీ ఉన్న పద్ధతి. స్టాంపు కాగితం మీద రాసుకున్న ఇంటికి ఆ పత్రాలెక్కడివి? నెలనెలా జీతమొచ్చే కార్మికుడికి పర్సనల్ లోను దొరుకుతుంది గానీ, అంతకంటే తక్కువ వడ్డీకి వచ్చే ఇంటి లోను దొరకదు. (ఈ తిరకాసు రాసినవాడికి దండం పెట్టాలి!)

దాంతో డబ్బు ముక్కలుగా పోగయ్యేది. చిట్టీ ఎత్తి కొంత, మిగతాది మిత్తికి. నూటికి నెలకి రెండు రూపాయలంటే ఏడాదికి 24 శాతం. ఏటీఎంలొచ్చాక అప్పిచ్చేవాళ్ళు కార్డునే తాకట్టు పెట్టుకోవడం మొదలెట్టారు. పగిలిన గోడకి సిమెంటు, కారే కప్పుకి రేకులు మాత్రం లాభాల వాటా వచ్చేదాకా ఆగాల్సిందే. 1999-2000లో 10 శాతంతో మొదలైన ఆ వాటా 2022-23కి 32 శాతమైంది.

ఇంత తిప్పలు ఎందుకంటే, రిటైరైతే క్వార్టరు ఖాళీ చెయ్యాలి. 1998 బొగ్గుగని పెన్షన్ పథకంలో ధరలతోపాటు పెన్షన్ పెరగదు. కాబట్టి గ్రాట్యుటీ డబ్బుతో వేసుకున్న పక్క పోర్షనే అసలు పెన్షన్ అన్నమాట.

తెలంగాణ వచ్చాక కార్మికుల ఇంటి లోను 10 లక్షల దాకా వడ్డీ కంపెనీ భరించేలా పథకం తెచ్చారు. మంచిదే, కానీ లోను రావాలంటే మళ్ళీ కాగితం కావాలిగా! జీవో 76 కింద సింగరేణి జాగాల్లోని ఇళ్ళకి పట్టాలివ్వడమే నా దృష్టిలో అంతకంటే పెద్ద పని. అయితే పట్టా ఆలస్యంగా వచ్చింది. 1990ల మొదట్లో లక్ష దాటిన కార్మికులు ఇప్పుడు 40 వేల దరిదాపుల్లో ఉన్నారు. ఆ గదుల్లో కిరాయికి దిగేది ఇక ఎక్కువగా కాంట్రాక్టు కార్మికులే, వాళ్ళ జీతాలకి తగ్గట్టే కిరాయీనూ.