చిన్న కారు, పెద్ద జోలె

2004లో ఇంగ్లండు నుండి మంగోలియాకు ఆరు చిన్న కార్లు బయలుదేరినవి. ఆ యాత్రను మంగోల్ ర్యాలీ యనిరి. యింజను ఒక లీటరు మించరాదు. వెంట సహాయ వాహనము లేదు. ఆరింటిలో నాలుగే గమ్యము చేరినవి. తరువాతి యేండ్లలో ప్రతి జట్టును ధర్మకార్యములకై కనీసము వేయి పౌనులు పోగుచేయవలెనని నియమించిరి.

జేకేపూరులో గుమాస్తాలుగా పద్దులు వ్రాసి తలనెరసిన మాకు వెంటనే కలిగిన శంక యిది: పెట్రోలునకు వెచ్చించు సొమ్మునే దానము చేయరాదా?

గాంధీగారి యాత్ర తలచుకొనగా ఆ శంక కొంత సడలినది. అస్పృశ్యతా నివారణకై వారు 1933 నవంబరు 7న వార్ధా నుండి బయలుదేరి, రైళ్లలోను కార్లలోను తిరుగుచు, డిసెంబరులో ఆంధ్రదేశమునకు వచ్చిరి. మన కోరాపుట్టు సీమ అప్పటికి మదరాసు రాజధానిలోనిదే. ఉత్కళమున చేరినది 1936లో. తొమ్మిది నెలలలో పండ్రెండున్నర వేల మైళ్లు. వసూలు ఎనిమిది లక్షల రూపాయలు. సభలలో స్త్రీలు ఒంటిమీది నగలు తీసి యిచ్చిరి. ఆశ్రమమున కూర్చుండి జాబులు వ్రాసిన ఆ గాజులు వచ్చియుండునా?

అయినను 1934 మే 9న పూరీలో వారు వాహనము విడిచి కాలినడక పట్టిరి. వేగముగా తిరిగినచో జనము మూగుదురుగాని మాట లోనికి దిగదని వారి తలంపు. మండుటెండలో ఉత్కళ గ్రామముల వెంట జూను వరకు నడచిరి. ఆ పద్దులో పెట్రోలు లేదు.