దారము మారినపుడెల్ల ముడి మారినది

గాలముతో చేపను పట్టు విద్యలో జనులు కర్రను గూర్చియు, రీలును గూర్చియు, ఎరను గూర్చియు ఎంతయో ముచ్చటింతురు గాని, ఒక దారమును మరియొక దారముతో కలుపు చిన్న ముడిని గూర్చి అరుదుగా మాటాడుదురు. అయినను చేప గాలమును మ్రింగి లోతునకు దుమికినపుడు ఆ బరువంతయు తుదకు వచ్చి నిలుచునది ఆ ముడిమీదనే. దారమెంత గట్టిదైనను ముడి జారెనా, చేపయు పోవును, గాలమును పోవును. ఈ ముడుల చరిత్రను తరచి చూచినచో ఒక సంగతి స్పష్టమగును: కొత్త దారము పుట్టినపుడెల్ల పాత ముడి పనికిమాలినదై, మానవుని వ్రేళ్లు మరల ఓనమాలు దిద్దవలసివచ్చినది.

మన దేశమున కల్యాణి చాళుక్య ప్రభువగు మూడవ సోమేశ్వరుడు పండ్రెండవ శతాబ్దమున రచించిన ‘మానసోల్లాసము’ గాలపు వేటను రాజోచిత వినోదములలో నొకటిగా వర్ణించినది. అయితే ముడుల పరిణామమును అంచెలంచెలుగా గుర్తింప వీలగునది ఇంగ్లండు దేశముననే. అచ్చట 1496లో వింకిన్ డి వర్డ్ ముద్రించినదియు, డేమ్ జులియానా బెర్నర్స్ రచనయని పరంపరగా చెప్పబడుచున్నదియు నగు గాలపు వేట గ్రంథములో, గుర్రపు తోక వెంట్రుకలను పురిపెట్టి దారము చేయు విధానము సవిస్తరముగా నున్నది. మిన్నో యను చిట్టిచేపకు ఒక్క వెంట్రుక, ట్రౌటునకు 9, సాల్మనుకు 15 వెంట్రుకలు పేనవలెనని అందు లెక్క చెప్పబడినది. వెంట్రుక నిడివికి హద్దు కలదు గనుక ఒక్కొక్క పేటను వేరొక పేటతో ముడివేసి పొడిగింపక తప్పదు. అందులకు ‘నీటిముడి’ని వాడుమని ఆ గ్రంథము ఉపదేశించినది.

పదునెనిమిదవ శతాబ్దమున పట్టుపురుగు నరము గాలపు వేటలో ప్రవేశించినది. స్పెయిను దేశపు మూర్షియా సీమ ఈ పరిశ్రమకు పేరుమోసినది. గూడు కట్టుటకు సిద్ధమైన పురుగును వెనిగరులో నానవేసి, దాని పట్టు గ్రంథులను వెలికిదీసి సాగలాగి ఆరబెట్టినచో సన్నని, నిగనిగలాడు తీగ యేర్పడును. అదియు పొట్టిదే యగుటచే కొన్ని గజముల దారము కావలెనన్న పెక్కు తునకలను ముడివేయవలసినదే. ఎండిన నరము పెళుసు గనుక ముందుగా నీట నానబెట్టి మెత్తపరచి గాని ముడివేయరాదు. ఈ నునుపైన నరమునకే రెండు కొసలను ఎదురెదురుగా పలుచుట్లు చుట్టి, కొనలను నడుమ సందులో దూర్చి బిగించు పీపాముడి మిక్కిలి అనువైనది. ఈ ముడి మర్మమును ఎరిగిన కొలదిమంది దానిని చిరకాలము గుట్టుగా దాచుకొనిరనియు, ఒక ఓడ ఇంజనీరు మూలమున అది వెల్లడియైనదనియు ఇంగ్లండు దేశపు గాలరుల వాడుక.

1939 ప్రాంతమున అమెరికాలోని డ్యూపాంట్ సంస్థ నైలాను దారమును వెలువరించుటతో నరమునకు కాలము చెల్లెను. నైలాను ఎంత పొడవు కావలెనన్న అంత పొడవు లభించును. నానబెట్టు పని లేదు. కాని నరమున నిలిచిన ముడులు కొన్ని నైలానున జారసాగినవి. 1947లో స్టాన్లీ బార్న్స్ అను రచయిత నరపు ముడులను, నైలాను ముడులను ఒక్క గ్రంథమున చేర్చి విచారించుటకు ఈ సంధికాలపు సంకటమే కారణము. అటుపిమ్మట ఫ్లోరిడా దీవులలో జిమ్మీ ఆల్‌బ్రైట్ అను పడవ మార్గదర్శి, లావు దారమును మడిచి దానిపై సన్నదారమును చుట్టి బిగించు ముడిని ప్రచారమునకు తెచ్చెను. అది నేటికిని ఆయన పేరనే చెల్లుచున్నది.

అన్నిటికంటె పెద్ద మార్పు నెదర్లాండ్సునుండి వచ్చినది. 1979లో పాల్ స్మిత్, పీట్ లెమ్‌స్ట్రా అను శాస్త్రజ్ఞులు పాలిథిలీనును జిగురు ద్రావణమునుండి తీగగా సాగదీయు పద్ధతిని కనుగొనిరి. ఈ పోగులతో అల్లిన గాలపుదారము 1990 దశకమున వ్యాపించినది. తూకమునకు తూకము చూచినచో ఇది ఉక్కుకంటె పలురెట్లు బలిష్ఠము, నీటిపై తేలును, ఇంచుమించు సాగనే సాగదు. కాని రాతి అంచున ఒరసినచో చప్పున తెగును. చేప కంటికి తెలిసిపోవును. కావున గాలమునకు ముందు నైలానునో, 1971లో జపాను దేశపు కురేహా సంస్థ వెలువరించిన ఫ్లోరోకార్బనునో లీడరు అను కొసదారముగా కట్టవలసివచ్చినది. ఇచ్చట పాత విద్య మరల ఓడిపోయెను. నైలాను బిగించినకొలది నొక్కుకొని తన్ను తాను పట్టుకొనును. అల్లిన దారము అట్లు నొక్కుకొనదు, నున్నగా జారిపోవును.

ఈ చిక్కును చక్కగా విప్పినది జపాను జాలరుల మూలమున ప్రసిద్ధికెక్కిన ఎఫ్.జి. ముడి. ఇందు లీడరునకు ముడియే లేదు. అది తిన్నగా నుండును. అల్లిన దారమును బిగువుగా నిలిపి, లీడరు కొసను ఒకమారు పైనుండి, ఒకమారు క్రిందినుండి దాని చుట్టును తిప్పుచు ఇరువది చుట్ల వరకు అల్లుదురు. ప్రతి చుట్టు ముందటి చుట్టును ఆనుకొని జడ పేటలవలె కూర్చుండవలెను. పిమ్మట అల్లిన దారపు కొసతో రెంటిని కలిపి సగముడులు వేసి, తడిపి, మెల్లగా లాగుదురు. అపుడు అల్లిక లీడరు మేనిలోనికి కరచుకొని రంగు మారును. లాగినకొలది పట్టు హెచ్చును. పిదప మిగిలిన లీడరు కొసను మొదలంట కోసివేయుదురు గనుక, ఈ సన్నని అతుకు కర్ర వలయములగుండ తగులకయే సాగిపోవును.

గుర్రపు వెంట్రుక తెగినచో కాలక్రమమున కుళ్లి మట్టిలో కలియును. నేటి దారము తెగినచో చేప నోట గాలముతో కూడ ఏండ్ల తరబడి నీటిలో నిలుచును. కనుక ముడిని తడిపి బిగించుట, ఒడ్డుననే గట్టిగా లాగి పరీక్షించుట, అనుమానము కలిగినచో కోసి మరల వేయుట గాలము పట్టిన ప్రతివాని కనీసధర్మము. చేతనున్న దారమునకు తగిన ముడి వచ్చినవాడే గాలము నీట వేయుటకు అర్హుడు.