పిక్చర్ ట్యూబ్ లో ప్రాణం ఉందా?

వస్తువుల్లో ప్రాణం ఉంటుందని నమ్మేవాళ్ళు ఆస్తికుల్లోనే కాదు, పాత వీడియో గేమ్ ల అభిమానుల్లో కూడా ఉన్నారు. నేను ప్లైవుడ్ తో చేసుకున్న గేమ్ పెట్టెలో పాత టీవీ ట్యూబ్ మసకబారితే తీసేసి ఎల్సీడీ మానిటర్ బిగించాను. "ట్యూబ్ లో జీవం ఉండేది, ఇందులో అది లేదు" అన్నాడు ఒక మిత్రుడు. విగ్రహం గురించి ఇలా అంటే ఆధారం అడుగుతాం కదా, యంత్రం గురించి ఎందుకు అడక్కూడదు?

ముందు చరిత్ర చూద్దాం. 1897 లో జర్మన్ శాస్త్రవేత్త కార్ల్ ఫెర్డినాండ్ బ్రౌన్ కేథోడ్ రే ట్యూబ్ ని విద్యుత్ తరంగాలు చూడడానికి తయారు చేశాడు, ఆటల కోసం కాదు. 1972 లో అటారీ ఇంజనీర్ అలన్ ఆల్కార్న్ "పాంగ్" నమూనాలో పెట్టింది మామూలు బ్లాక్ అండ్ వైట్ టీవీ. 1978 నాటి "స్పేస్ ఇన్వేడర్స్" మొదటి యంత్రాల్లో కనిపించిన రంగులు కూడా ట్యూబ్ వి కావు. నలుపు తెలుపు తెర మీద రంగు కాగితం లాంటి పారదర్శక పట్టీలు వేశారు. అంటే అప్పటివాళ్ళు అందుబాటులో ఉన్న తెరనే వాడుకున్నారు. దానికి పవిత్రతని అంటగట్టింది మనమే.

అలాగని తేడా లేదనడం కూడా అశాస్త్రీయమే. ట్యూబ్ లో ఎలక్ట్రాన్ల పుంజం బొమ్మని గీత తర్వాత గీతగా గీస్తుంది. "ప్యాక్-మ్యాన్" (1980) బొమ్మ మొత్తం 224 x 288 చుక్కలే. ట్యూబ్ మీద ఆ చుక్కల అంచులు మెత్తగా కలిసిపోతాయి, గీతల మధ్య సన్నని చీకటి ఉంటుంది. ఎల్సీడీ మీద ప్రతి చుక్కా పలకలాగా కనిపిస్తుంది. మా మిత్రుడు "జీవం" అన్నది దీన్నే.

తుపాకీ సంగతి ఇంకా స్పష్టం. 1936 లో సీబర్గ్ కంపెనీ "రే-ఓ-లైట్" ఆటలో తుపాకీ వెలుగుని వదిలేది, బాతు బొమ్మలోని ఫోటోసెల్ పట్టుకునేది. 1984 నాటి "డక్ హంట్" లో ఇది తిరగబడింది. తుపాకీ ఏమీ వదలదు, చూస్తుంది. ట్రిగ్గర్ నొక్కగానే తెర క్షణం నల్లబడి, బాతు ఉన్నచోట తెల్ల చదరం మెరుస్తుంది. ఆ మెరుపు తుపాకీకి కనిపిస్తే దెబ్బ తగిలినట్టు. ఎల్సీడీ మీద బొమ్మ కాస్త ఆలస్యంగా వస్తుంది, ట్యూబ్ లాగా మెరవదు. అందుకే ఆ తుపాకీ పనిచెయ్యదు. మహిమ పోయి కాదు.

ట్యూబ్ లో నిజంగా భయపడాల్సింది ఒకటుంది. ప్లగ్ పీకేసినా అందులో వేల వోల్టుల చార్జి నిలిచి ఉండవచ్చు. దాన్ని విప్పే పని తెలిసిన మెకానిక్ కే వదిలెయ్యండి.

పెద్ద కంపెనీలు ట్యూబుల తయారీ ఎప్పుడో మానేశాయి. ఉన్నవి కూడా ఒక్కొక్కటే ఆరిపోతాయి. "ప్రాణం పోయింది" అని ఊరుకుంటే చేసేదేమీ లేదు. గీతలు, మెరుపు, ఆలస్యం అని విడివిడిగా కొలిచి రాసిపెట్టుకుంటే వాటిని కొత్త తెర మీద మళ్ళీ తెప్పించే ప్రయత్నం చెయ్యొచ్చు. గీతల చీకటిని అనుకరించే సాఫ్ట్ వేర్ ఇప్పటికే ఉంది. అది సాధ్యమైంది ఎవరో కొలిచారు కాబట్టే.