జ్వరమును చిత్తమును: చిక్కడపల్లి చుట్టుప్రక్కల ఒక వైద్యచరిత్ర

చిక్కడపల్లికి ఒకవంక నారాయణగూడలో ప్రివెంటివ్ మెడిసిన్ సంస్థయు, వేఱొకవంక నల్లకుంటలో సర్ రొనాల్డ్ రాస్ పేరిట, పెద్దలు నేటికిని కోరంటి దవాఖాన యని పిలుచు, జ్వరాసుపత్రియు నున్నవి. ఉన్మాదమునకును విషాదమునకును నడుమ మనస్సు నూగించు బైపోలార్ వ్యాధి కథ ఈ రెండు చోట్లను తాకుచు పోవునని ఆ గోడలవెంట నడచువారు తలంపరు.

1897 ఆగస్టు 20వ తేదీన సికింద్రాబాదులో రాస్ దొర, దోమకు అణా చొప్పున పుచ్చుకొని కుట్టించుకొనిన హుస్సేన్ ఖాన్ అను రోగి రక్తమును గ్రోలిన దోమను కోసి, దాని జీర్ణాశయపు గోడలో మలేరియా క్రిమిని కనుగొనెను. ఇరువదియేండ్లకు, 1917లో, వియన్నాలో వాగ్నర్-యౌరెగ్ అను మనోవైద్యుడు, మలేరియా సోకిన సైనికుని రక్తమును సిఫిలిస్ ముదిరి మతిచెడిన రోగుల దేహమున నెక్కించి, జ్వరము పలుమాఱులు వచ్చిపోనిచ్చి, పిమ్మట క్వినైనుతో నడంచెను. కొందఱు తేఱుకొనిరి, కొందఱు ఆ జ్వరమునకే బలియైరి. 1927లో ఆయనకు నోబెల్ బహుమానము దక్కెను. పెన్సిలిన్ రాగానే చికిత్స మూలబడెను. అది బైపోలార్ వ్యాధికి మందు కాదు. కాని దేహమున రేగిన జ్వరము బుద్ధిని మార్చగలదని లోకమునకు చాటిన సాహసము, కొంత క్రూరమైనదే యైనను, అదియే.

నారాయణగూడకు కుక్కకాటు బాధితులు నేటికిని పోవుచుందురు. గొఱ్ఱెమెదడుతో చేసిన టీకాను బొడ్డుచుట్టు పదునాలుగు దినములు పొడిపించుకొనిన తరమువారింకను మన పేటలలో గలరు. 1911లో కసౌలిలో సెంపుల్ దొర రూపొందించిన ఆ మందు పెక్కుమందిని కాచెను. అయితే అందలి నాడీపదార్థము వలన, అరుదుగా, రోగి రక్షణకణములు తన మెదడునే శత్రువని భ్రమించి పక్షవాతము తెచ్చెడివి. 2004 చివర మన దేశమున దాని తయారి నిలిచిపోయెను.

రక్షణకణములకును మెదడునకును గల ఈ లంకె బైపోలార్ విషయమున ఇంత తేటగా లేదు. ఉన్మాదదశలో రోగుల రక్తమున ఐఎల్-6, టీఎన్ఎఫ్ వంటి శోథద్రవ్యములు హెచ్చుట పలు పరిశోధనలలో కానవచ్చినను, అది కారణమో కార్యమో తేలలేదు. టీఎన్ఎఫ్‌ను అణచు ఇన్‌ఫ్లిక్సిమాబ్‌ను బైపోలార్ విషాదమున పరీక్షింపగా, 2019లో వెలువడిన ఫలితములలో అది మొత్తముమీద ఉత్తుత్తి మందును మించలేదు. బాల్యమున దెబ్బలుతిని పెరిగినవారికి మాత్రము కొంత మేలొనర్చెను. 1949లో ఆస్ట్రేలియాలో జాన్ కేడ్ ఉన్మాదరోగులపై దాని గుణమును ప్రకటించిన లిథియమే నేటికిని ప్రధానౌషధము. విచిత్రమేమనగా అది రక్షణకణములైన తెల్లరక్తకణములను పెంచును. కీమోథెరపీ వలన అవి క్షీణించిన క్యాన్సరు రోగులకు సైతము వైద్యులు దానినొకప్పుడు ఇచ్చి చూచిరి.